లెఫ్ట్ టాకిల్ పేరు

నవంబరు చివరి వారం వచ్చిందంటే ఓరిన్ వేడ్ గది పెళ్ళివారి విడిదిలా ఉంటుంది. ఇల్లినాయిస్ చుట్టుపక్కల ఎనిమిది కాలేజీల కూటమిలో ఆ ఏడాది ఫుట్‌బాల్, బంతి చేత్తో పట్టుకుని ఒకరినొకరు కుమ్ముకునే అమెరికా రకం, ఆడినవాళ్ళందరిలోంచి పదకొండుమందిని ఏరి, ‘కూటమి జట్టు’ అని పేరుపెట్టి, ఆదివారం పేపర్లో వేసేది ఆయనే. ఆ జట్టు ఏ మైదానంలోనూ ఆడదు. కాగితం మీద పుట్టి కాగితం మీదే ముసలిదైపోతుంది. అయినా అందులో కొడుకు పేరు చూసుకోవడానికి తండ్రులు పొగబెట్టిన పంది తొడలు మోసుకొస్తారు. 1909లో ఆ శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన ముసలాయన మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు.

“అదే చెబుతున్నాను పెద్దాయనా, ముందు కూర్చోండి. నిలబడి అడిగినా కూర్చుని అడిగినా నా జవాబు ఒకటే. జట్టు ఖాయమైపోయింది. ఎవరి సిఫారసూ పనిచెయ్యదు.”

“సిఫారసు కాదు బాబూ.”

“మొదట అందరూ అదే అంటారు. నిన్నొకాయన బాతుని పట్టుకొచ్చాడు, బతికున్న బాతుని. సిఫారసు కాదట, అభిమానమట. అది ఆ సొరుగులన్నీ పాడుచేసి పోయింది. ఇంతకీ మీ అబ్బాయి ఎవరు?”

“డూబెక్ అండి. యాన్ డూబెక్. మార్బెరీ కాలేజీ.”

“డూబెకా? మీరు డూబెక్ నాన్నగారా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ. అయితే మీకిక్కడ పనే లేదు. మీవాడు ఉన్నాడు. రెండో జట్టు కూడా కాదు, మొదటి జట్టు, లెఫ్ట్ టాకిల్. ఎడమ పక్కన గోడ కట్టినట్టు నిలబడేవాడు. ఆదివారం పేపరు కొనుక్కుని హాయిగా చూసుకోండి.”

“ఉన్నాడనే వచ్చాను.”

“అంటే?”

“తీసెయ్యండి.”

“ఏంటి తీసేది?”

“మావాడి పేరు. తీసెయ్యండి బాబూ.”

“ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. పేరు ఎక్కించమని ఏడ్చినవాళ్ళని చూశాను, తిట్టినవాళ్ళని చూశాను. తీసెయ్యమన్నవాళ్ళని మిమ్మల్నే చూడటం. ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది. స్టేషన్ నుంచి నడిచే వచ్చాను.”

“ఎవరన్నా బెదిరించారా?”

“లేదు.”

“మరి ఆటంటే భయమా? ఏటా ఎవడో ఒకడు మెడ విరుచుకుంటున్నాడని మేమే రాస్తాం. చదివి ఉంటారు. కానీ ఈ ఏటికి ఆటలయిపోయాయి కదా. ఇప్పుడు పేరు కొట్టేస్తే విరిగిన ఎముకలు అతుక్కుంటాయా?”

“మావాడికి ఏ ఎముకా విరగలేదు. రోజూ బొగ్గు తవ్వినవాడికి అదో లెక్కా బాబూ.”

“బొగ్గు తవ్వాడా? కాలేజీ కుర్రాడు రోజూ బొగ్గెప్పుడు తవ్వాడు?”

“సెలవుల్లో. సెలవుల్లో తవ్వేవాడు.”

“సరే. కోటు లోపల ఆ చెయ్యేంటి, వచ్చినప్పటి నుంచీ తియ్యట్లేదు? గుండెల్లో నొప్పా?”

“కాదు. కవరు.”

“ఫోటోనా? బతికించారు, ఇలా ఇవ్వండి. పదిమందివీ వచ్చాయి, మీవాడిదొక్కటే రాలేదు. ఎన్ని కబుర్లు పంపినా మార్బెరీ వాళ్ళు ఫోటో తీసేవాడికి జ్వరమంటారు. జ్వరం తగ్గిందా అంటే కెమెరాకి జబ్బు చేసిందంటారు.”

“ఇది వేరే. మా ఆవిడ ఇచ్చింది. దీని సంగతి వదిలెయ్యండి.”

“వదిలేశాను. కానీ ఒక్కమాట. జట్టు ఇంకా అచ్చు కాలేదు. ఈ బల్ల మీది నుంచి కిందికి, అచ్చు గదికి తప్ప ఎక్కడికీ పోలేదు. మీవాడు ఉన్నాడని మీకెవరు చెప్పారు?”

“విన్నానండి.”

“ఎక్కడ?”

“మా ఊళ్ళో. కోల్డ్ ఫోర్క్‌లో.”

“కోల్డ్ ఫోర్క్‌లో గనులూ సారాకొట్లూ తప్ప ఏమున్నాయి? అక్కడికి నా జట్టు సంగతి ఎలా చేరింది?”

“చేరింది. తీసేస్తారా బాబూ?”

“ఊరికే ఎలా తీసేస్తాను? నేనేం రాశానో వినండి, విన్నాక మీరే వద్దంటారు. ‘ఈ ఏడాది కూటమిలో లెఫ్ట్ టాకిల్ అంటే డూబెక్ తర్వాతే ఎవరైనా. అతను నిలబడిన వైపు బంతి పట్టుకుని పరిగెత్తడం, రాతికి తల బాదుకోవడం ఒకటే.’ ఎలా ఉంది?”

“బావుంది.”

“బావుంది కదా.”

“మీరు చూశారా?”

“దేన్ని?”

“మావాడి ఆట. మీ కళ్ళతో చూశారా?”

“చూడటమంటే... శనివారం ఒక్కటే వస్తుంది, ఆటలు నాలుగు ఊళ్ళలో జరుగుతాయి. నేనొక్కణ్ణి. అయినా చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది? చొక్కాల మీద గుర్తులుండవు, అంకెలుండవు. కాసేపయ్యేసరికి ఇరవై రెండుమందీ బురద ముద్దలే. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.”

“కన్నతల్లి పోల్చుకుంటుంది.”

“మాటవరసకి అన్నాను.”

“నేను మాటవరసకి అనలేదు. చూడకుండా ఎలా రాశారు బాబూ, రాతికి తల బాదుకోవడమని?”

“దానికో పద్ధతుంది. తన పెరుగు పుల్లనని ఎవడూ అనడు కదా. ఏ కోచ్‌ని అడిగినా తన కుర్రాళ్ళే మొనగాళ్ళంటాడు. అందుకని మేమొక కట్టుబాటు పెట్టుకున్నాం. ఏ కోచ్ కూడా తన జట్టువాడి పేరెత్తకూడదు. తనమీద ఆడినవాళ్ళ పేర్లే చెప్పాలి. తిట్టాల్సినవాడు పొగిడాడంటే అందులో కల్తీ ఉండదు. మీవాడి గురించి చెప్పిందెవరనుకున్నారు? హాల్విన్ కాలేజీ కోచ్ క్రెల్. మీవాళ్ళ చేతిలో ఓడి, చేతిదాకా వచ్చిన గెలుపు పోగొట్టుకున్నవాడు.”

“క్రెల్.”

“ఆయనే. ఉత్తరం కూడా కాదు, స్వయంగా వచ్చాడు. మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ రాయీ తలకాయా మాట కూడా ఆయనదే. నేను కొంచెం నగిషీ పెట్టానంతే.”

“పొట్టిగా ఉంటాడా? బూడిదరంగు టోపీ?”

“అవును. మీకెలా తెలుసు?”

“ఇంకేమన్నాడు?”

“మెచ్చుకున్నాడు. ఎంత మెచ్చుకున్నాడంటే, ఫోటో పెద్దది వెయ్యమన్నాడు. పేరు పక్కన ఊరి పేరు కూడా వెయ్యమన్నాడు. గని ఊరి బిడ్డ, ఆ ఊరు చూసి మురిసిపోవాలన్నాడు. ఓడినవాడికి ఇంత మనసుందా అని నాకే కళ్ళు చెమర్చాయి.”

“ఊరి పేరు కూడా వెయ్యమన్నాడూ.”

“ఏం? తప్పేముంది?”

“పేరు, ఊరు, మొహం. మూడూ ఒక్కచోట.”

“అందరివీ అలాగే వేస్తాం. ఎందుకలా చూస్తారు? చూడండి పెద్దాయనా, అసలు సంగతి చెప్పకుండా మీరు తీసెయ్యండి తీసెయ్యండంటే నేను తియ్యను. కింద అచ్చు గదిలో పేజీ బిగిస్తున్నారు. చెబితే ఇప్పుడే చెప్పాలి.”

“యాన్ పోయాడండి.”

“ఎక్కడికి?”

“పోయాడు. నిరుడు వేసవిలో. గని కప్పు కూలింది.”

“ఏ యాన్?”

“మా యాన్. మా చిన్నాడు.”

“హాల్విన్ మీద మొన్న శనివారం ఆడాడు కదయ్యా.”

“ఆడింది ఓండ్రెయ్. మా పెద్దాడు.”

“...మెల్లిగా చెప్పండి. మొదటి నుంచి.”

“మొదలేముంది బాబూ. మా వీధిలో పై స్కూలు దాటినవాడు యాన్ ఒక్కడే. బాగా ఆడేవాడు కూడా. మార్బెరీ కోచ్ డెన్‌బీ వచ్చి చూసి కాలేజీలో సీటు రాయించాడు. శరత్కాలంలో చేరాలి. ఈలోగా ఖాళీగా ఎందుకు, గనిలోకి వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. నేనూ గట్టిగా వద్దనలేదు.”

“తర్వాత?”

“డెన్‌బీ అంత్యక్రియలకొచ్చాడు. నల్లకోటు వేసుకుని, టోపీ తీసి, పెద్దమనిషిలా నిలబడ్డాడు. ఎంత మంచివాడో అనుకున్నాం. పెట్టె మోసేవాళ్ళలో ముందున్నది ఓండ్రెయ్. డెన్‌బీ పెట్టెని చూడలేదు బాబూ, వాడి భుజాలు చూశాడు. ఆ సాయంత్రమే మా వంటగదిలో కూర్చుని అన్నాడు, సీటు ఉంది, పేరు ఉంది, కాలేజీలో యాన్‌ని చూసినవాడు నేను తప్ప లేడు, వీణ్ణి పంపండి అని.”

“మట్టి ఆరకుండానే.”

“మా ఆవిడ చేసిన రొట్టె తింటూ అన్నాడు.”

“మీరు సరేనన్నారు.”

“ఓండ్రెయ్ చిన్నప్పుడే బడి మానేశాడు. పదేళ్ళకే గనిలోకి దిగాడు. వాడికి దగ్గు మొదలైంది బాబూ, నాకున్నదే. మీరు విన్నారుగా మెట్లెక్కేటప్పుడు. ఒకడెలాగూ భూమి కిందికి పోయాడు. రెండోవాడన్నా పైన తిరగనీ అనుకున్నాను. తప్పే. తప్పని తెలుసు.”

“చదవడం వచ్చా వాడికి?”

“అప్పుడు రాదు. ఇప్పుడు వచ్చు. రాత్రుళ్ళు దీపం పెట్టుకుని నేర్చుకున్నాడు. మొన్న మాకో ఉత్తరం రాశాడు, తన చేత్తోనే. అడుగున ‘యాన్’ అని సంతకం పెట్టాడు. అలవాటైపోయి పెట్టాడు, అంతే. అది విని మా ఆవిడ లేచి బయటికి పోయింది.”

“మీ ఊళ్ళో ఎవరికీ తెలీదా?”

“మా వీధికంతా తెలుసు. మావాళ్ళు నోరెత్తరు. కానీ ఊరంటే మా వీధొక్కటే కాదు కదా. గని మేస్త్రీలున్నారు, కొట్లవాళ్ళున్నారు, పోస్టుమాస్టరున్నాడు. మీ పేపరు వాళ్ళు చదువుతారు. ఓండ్రెయ్ మొహం కింద యాన్ పేరు చూస్తే ఒక్క పూట చాలు.”

“చనిపోయినప్పుడు పేపర్లో పేరు పడలేదా?”

“గనిలో ముగ్గురు పోయారని వేశారు. మా పేర్లెవరు వేస్తారు బాబూ? ఆడితే తప్ప. అక్కడికీ డెన్‌బీ అన్నీ ఆలోచించాడు. సమాధి మీద పేరొద్దన్నాడు.”

“ఏమన్నాడూ?”

“పేరొద్దన్నాడు. ఎవడైనా బయటివాడు చూస్తే ప్రమాదం, ఓండ్రెయ్ ఆట పూర్తయ్యేదాకా ఆగండన్నాడు. రాయి తెచ్చి నిలబెట్టాం. మంచి రాయే. దాని మీద ఏమీ లేదు, నున్నగా ఉంటుంది. మా ఆవిడ రోజూ వెళ్ళి తుడుస్తుంది. ఏముందని తుడుస్తావే అంటే, దుమ్ముంది అంటుంది.”

“ఇంకెన్నాళ్ళు ఆడాలి వాడు?”

“ఇంకో ఏడు. ఆ తర్వాత ఏదో ఊరి స్కూల్లో ఆట నేర్పే ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. అప్పుడు రాయి మీద రాయించుకోవచ్చు. ఒక్క ఏడు బాబూ. మీ జట్టులో వాడు లేకపోతే ఆ ఒక్క ఏడూ ఎలాగో గడిచిపోతుంది.”

“క్రెల్‌ని ఎలా ఎరుగుదురు మీరు?”

“పోయిన ఆదివారం మా ఊరొచ్చాడు. నేను చూళ్ళేదు. వీధిలో పిల్లలు చెప్పారు, బూడిదరంగు టోపీ అని. శ్మశానంలో మా ఆవిడ దగ్గర నిలబడ్డాడట. ఆ రాయి ఎవరిదని, పేరేంటని అడిగాడట.”

“ఆవిడ?”

“చెప్పింది. ఆ పేరు మీ పేపర్లో మొదటి జట్టులో పడుతుందని, ఫోటో కూడా వేస్తారని చెప్పి పోయాడట.”

“ఓహో. వాసన పట్టి వెళ్ళాడన్నమాట. ఆవిడ పాపం, తెలీక నోరు జారింది. సోమవారం ఇక్కడికొచ్చి ఆ కుర్చీలో కూర్చుని డూబెక్, డూబెక్ అని జపం చేశాడు. నేనేమో కళ్ళు తుడుచుకున్నాను. పామూ చావాలి, కర్రా విరగకూడదు. తను ఫిర్యాదు చేస్తే తన జట్టు సంగతీ తవ్వుతారు. క్రెల్ దగ్గర మాత్రం సొంత పేరుతో ఆడేవాళ్ళెంతమంది? ఒకడికైతే పిల్లలు కూడా ఉన్నారు. అదే నా పేపర్లో ఫోటో పడి, దానికది బయటపడితే, మార్బెరీ గెలిచిన ఆటలన్నీ కొట్టేస్తారు. గెలుపు హాల్విన్‌కి పోతుంది. ఆ కర్ర నేనయ్యాను.”

“మీరు మంచివారు బాబూ.”

“మంచివాణ్ణి కాను, పేపరువాణ్ణి. ఈ కథ ఉన్నదున్నట్టు మొదటి పేజీలో వేస్తే ఏమవుతుందో తెలుసా మీకు? డెన్‌బీ ఊరొదిలి పారిపోతాడు. నా పేరు షికాగో దాకా పోతుంది.”

“తెలుసు.”

“తెలిసే నాకు చెప్పారా?”

“ఇంకెవరికి చెప్పను? పేరు మీ దగ్గరుంది. వేస్తే వాణ్ణి తరిమేస్తారు. ఎక్కడికి పోతాడు? మళ్ళీ మా గనికే. తమ్ముడి మీద కూలిన గనికే. వాణ్ణి మళ్ళీ కిందికి దింపకండి బాబూ. పొగడ్త వద్దు మాకు. ఏమీ వద్దు. ఎవరూ లెఫ్ట్ టాకిల్ ఆడలేదనుకోండి.”

“ఆగండి. కింద అచ్చు గదికి పోయే ఈ గొట్టంలో మాట్లాడనివ్వండి. గస్? నేనే, వేడ్‌ని. పదకొండుమంది పేజీ బిగించేశావా? ...అయితే విప్పు. ...విప్పమంటే విప్పవయ్యా, తిట్టేది తర్వాత తిట్టుకో. లెఫ్ట్ టాకిల్ తీసెయ్. ...డూబెక్కే. ...కారణం నీకెందుకు? రెండో జట్టులో ఉన్నవాణ్ణి పైకెక్కించు. ఎలిసన్. ...అవును, హాల్విన్ వాడే. వాడి ఫోటో ఉందిగా, సరిపోతుంది. ...కింద రాసిన ముక్క? రాయీ తలకాయా ముక్క అలాగే ఉండనీ. పేరు మార్చెయ్, చాలు.”

“అయిపోయిందా?”

“అయిపోయింది. విన్నారుగా. క్రెల్ పన్నిన వలలో ఆఖరికి క్రెల్ కుర్రాడే పడి జట్టులోకొచ్చాడు. వాడి ఆట కూడా నేను చూళ్ళేదు.”

“ఓండ్రెయ్‌కి తెలీనివ్వకండి. మొదటి జట్టు దాకా వచ్చాడని.”

“నేనెవరికి చెబుతాను? క్రెల్ అడిగితే మాత్రం ఫోటో రాలేదంటాను. ఫోటో లేనివాణ్ణి నేను వెయ్యను. అదీ ఒక కట్టుబాటే, ఇప్పుడే పెట్టుకున్నాను.”

“ఫోటో రాలేదనే అంటారా?”

“రాలేదు కదా.”

“అలా అనకండి బాబూ. ఇదిగో, ఈ కవరు. తీసుకోండి.”

“దీని సంగతి వదిలెయ్యమన్నారుగా?”

“మీకే. మీకు ఇమ్మని మా ఆవిడ పంపింది. ఇవ్వకుండా ఇంటికి పోతే మొహంలోనే తెలిసిపోతుంది దానికి. ఇచ్చానని చెప్పాలి నేను. అంతవరకన్నా నిజం చెప్పాలి.”

“ఆవిడకి తెలీదా, మీరు ఎందుకొచ్చారో?”

“పేరు తీయించడానికని తెలీదు. ఫోటో ఇవ్వడానికి వచ్చాననుకుంటోంది. స్టేషన్‌లో కూర్చుని ఉంది. పేపరు ఆఫీసు మెట్లు నేనెక్కలేను, నువ్వే ఇచ్చి రా అంది.”

“ఓండ్రెయ్ ఫోటో ఆవిడే పంపిందా? ...ఇది ఓండ్రెయా? ఇంత సన్నగా ఉన్నాడేంటి? మెడలో ఆ రిబ్బనేంటి?”

“ఓండ్రెయ్ కాదు. యాన్. స్కూలు దాటినరోజు తీయించింది. యాన్ పేరు పక్కన ఇంకొకడి మొహం పడటానికి వీల్లేదంది.”

“పెద్దాయనా, ఇది వేస్తే ఓండ్రెయ్ గతేమవుతుందో ఆవిడకి తెలుసా? క్రెల్‌కి నోరు జారినట్టే ఇదీ...”

“నోరు జారలేదు బాబూ. బయటివాడెవడొచ్చి అడిగినా పలకొద్దని ఓండ్రెయ్ దాని చెయ్యి పట్టుకుని మరీ చెప్పి వెళ్ళాడు. అన్నీ తెలిసే చెప్పింది. ఇంటికొచ్చాక ఎందుకు చెప్పావే, ఉన్నవాణ్ణి కూడా పోగొట్టుకుంటామే అని అరిచాను. ఇన్నాళ్ళకి ఒక్క మనిషొచ్చి నీ కొడుకు పేరేంటమ్మా అని అడిగితే చెప్పకుండా ఎలా ఉండను, అంది.”